ధనుర్మాసంలో గండికోట బస్సు

గండికోట గురించి ఇప్పటికే చాలామంది రాశారు. పెన్న లోయ, మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు ఫొటోలు మీరూ చూసే ఉంటారు. నాకు రాయాలనిపించింది కడప నుంచి జమ్మలమడుగు వెళ్లిన బస్సు గురించి.

జనవరి మొదటి వారం, పండుగ రద్దీ అప్పుడే మొదలైంది. కడపలో తిన్న కారం దోశ బాగుంది కానీ, దాని ధర చూస్తే బెంగళూరులో ఉన్నానా అనిపించింది. ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల లారీలు అడ్డం తిరిగి బస్సు ఆగిపోయింది. ఎంతసేపైనా కదలదు. ఇంజను ఆపేశారు, సగం మంది దిగిపోయారు. నాకు చిరాకు నెత్తికెక్కింది.

పక్క సీటులో ఒక పెద్దాయన ఒళ్లో పంచాంగం పెట్టుకుని కూర్చున్నారు. ఏదో పల్లెలో గుడి అర్చకులట.

"ధనుర్మాసం ఇట్టే గడిచిపోతుంది నాయనా. రోజుకొకటిగా పాడే తిరుప్పావై పాశురాలు ముప్పై, రోజులు ఒక్కోసారి ఇరవై తొమ్మిదే వస్తాయి" అన్నారు.

"ఎందుకలా అయ్యగారూ?"

"సూర్యుడికి ఈ నెలలో గతి ఎక్కువ. మిథునంలో మందంగా నడుస్తాడు."

నా చిరాకు అక్కడే పోయింది. పంచాంగం ఇటివ్వమని అడిగి సంక్రమణాల పేజీ, అంటే సూర్యుడు రాశి మారే వేళల పేజీ తిప్పాను. ధనుస్సును దాటడానికి సూర్యుడికి పట్టేది సుమారు 29.3 రోజులు. మిథునానికి 31.6. సూర్యుడికి దగ్గరైనప్పుడు గ్రహం వేగం పెరుగుతుందని జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ 1609లో ప్రకటించిన సూత్రం ఈ అంకెల్లోనే ఉంది! నడిచేది సూర్యుడు కాదు, మనం. భూమి కక్ష్య పూర్తి వృత్తం కాదు. జనవరి మొదట్లో సూర్యుడికి 14.71 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాం, జులై మొదట్లో 15.21 కోట్లు. పైకి విసిరిన రాయి ఎక్కుతూ నెమ్మదిస్తుంది, దిగుతూ వేగం పుంజుకుంటుంది. భూమి పరిస్థితీ అదే. జులై నుంచి జనవరి దాకా సూర్యుడి వైపు కొద్దికొద్దిగా దిగుతూ సెకనుకు 30.3 కిలోమీటర్ల వేగానికి చేరుతుంది. అక్కడినుంచి ఎక్కుడు. జులైకి వేగం 29.3కు తగ్గుతుంది. ఇదంతా సూర్యుడి ఆకర్షణ చేసే పని అని 1687లో న్యూటన్ నిరూపించాడు.

వెనుక సీటు ఆవిడ ఒప్పుకోలేదు. "దగ్గరుంటే ఈ చలేమిటి? మే నెలలో కదా మాడిపోతాం?" మంచి ప్రశ్న. రుతువులకు కారణం దూరం కాదు, భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండటం. దూరం చేసేదల్లా రుతువుల నిడివిని మార్చడం. మార్చి విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) నుంచి సెప్టెంబరు విషువత్తుకు 186 రోజులు, అక్కడినుంచి మళ్లీ మార్చికి 179. గోడ మీది క్యాలెండరుతో ఎవరైనా లెక్కపెట్టుకోవచ్చు.

అయ్యగారు ఊరుకోలేదు. "వచ్చే పరాభవ నామ సంవత్సరంలో అధిక జ్యేష్ఠం ఉంది. అధిక పుష్యం మాత్రం నేనెన్నడూ చూడలేదు" అన్నారు. ఆ మాటకు నాకు ఒళ్లు పులకరించింది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. ఆ వ్యవధిలో సంక్రమణం పడకపోతేనే అధిక మాసం. వేసవిలో సూర్యుడు ఒక్కో రాశిలో 31 రోజులకు పైగా ఉంటాడు కాబట్టి అది సులభంగా కుదురుతుంది. ధనుర్మాసమేమో చాంద్రమాసం కన్నా పొట్టిది, దాదాపుగా కుదరదు. కక్ష్యలో మనం ఎక్కడ పరుగెత్తుతున్నామో మన వ్రతాల లెక్కలోకి కూడా వచ్చేసింది. బళ్లో కెప్లర్ సూత్రాన్ని బట్టీ పట్టించిన వాళ్లు ఒక్కసారి పంచాంగం తెరిచి చూపించి ఉంటే ఎంత బాగుండేది! ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంది.

జమ్మలమడుగులో ఆయన దిగుతూ, "గురుడు వక్రించాడు, రాత్రికి చూడు" అని చెప్పి వెళ్లారు.

గండికోటలో గుడారానికి అడిగిన అద్దెకు కడపలో శుభ్రమైన గది దొరుకుతుంది. పైగా ఫ్లడ్‌లైట్లు, పాటల హోరు. ఆకాశం కోసం వచ్చినవాళ్లకు ఆకాశమే లేకుండా చేస్తున్నారు. నేను లోయ వైపు నడిచి, వెలుగుకు వీపు పెట్టి నిలబడ్డాను. తూర్పున పునర్వసు జంట నక్షత్రాల దగ్గర గురుడు వెలిగిపోతున్నాడు. వక్రగతి అంటే ఆయన వెనక్కి నడవడం కాదు. సూర్యుడికి దూరమయ్యేకొద్దీ ఆకర్షణ తగ్గుతుంది, గ్రహం వేగమూ తగ్గుతుంది. గురుడిది సెకనుకు సుమారు 13 కిలోమీటర్లు. లోపలి దారిలో వేగంగా వెళ్లే మనం ఆయనను దాటిపోతున్నాం కాబట్టి చుక్కల మధ్య ఆయన వెనకబడుతున్నట్టు కనిపిస్తాడు.

అలాగని గురుడు తేలికైనవాడు కాదు. ద్రవ్యరాశిలో 318 భూములకు సమానం. సూర్యుడు గురుణ్ని లాగినట్టే గురుడూ సూర్యుణ్ని లాగుతాడు. ఇద్దరూ తిరిగే ఉమ్మడి కేంద్రం సూర్యుడి ఉపరితలానికి కాస్త బయటే ఉంటుంది. అంటే సూర్యుడు కూడా స్థిరంగా ఉండడు.

ఈ వక్రం 2026 మార్చి రెండో వారం దాకా ఉంటుంది. దుర్భిణి అక్కర్లేదు. వారానికొకసారి డాబా ఎక్కి, పునర్వసు జంటకు గురుడు ఎంత దూరంలో ఉన్నాడో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. మార్చి తర్వాత మీరు పెట్టిన గుర్తులు తిరిగి తూర్పుకు మళ్లుతాయి.