వెసర్ నది ఒడ్డున ఇద్దరు అన్నదమ్ములు: నా రెండో అటెంప్ట్ కథ

ఎం.ఏ. హిస్టరీలో ప్రాచీన ప్రపంచ చరిత్ర పేపర్ మొదటిసారి నన్ను నిలువునా ముంచింది. రోమన్లకూ జర్మానిక్ తెగలకూ ఉన్న సంబంధాలు వివరించమన్నారు. నేను నాలుగు పేజీలు నింపాను. సారాంశం ఒక్కటే: అనాగరికులు వచ్చారు, కొట్టారు, రోమ్ కూలింది. 20కి 6 పడ్డాయి. అవి కూడా చేతిరాతకే అనుకుంటా.

రెండోసారి నోట్సు పక్కన పడేసి, ముందు రోమ్ సరిహద్దులైన రైన్, డాన్యూబ్ నదులతో మ్యాప్ గీసి బీరువా తలుపుకి అంటించాను. అక్కడి నుంచి క్రీ.శ. 9 దగ్గర ఆగిపోయాను. జర్మనీలోని ట్యూటోబర్గ్ అడవిలో మూడు లీజియన్లను (రోమన్ సైన్య దళాలను) తుడిచిపెట్టిన జర్మానిక్ నాయకుడు ఆర్మీనియస్ ఎవరో కాదు, రోమన్ పౌరసత్వం ఉన్నవాడు, వాళ్ల సైన్యంలోనే పనిచేసినవాడు. ఆ లీజియన్ల రోమన్ సేనాని వారుస్‌తో కలిసి భోంచేసేవాడు. ఇంటి గుట్టు లంకకు చేటు అని పేపర్లో రాయలేం గానీ, విషయం అదే. 17, 18, 19 నంబర్లను రోమ్ మళ్లీ ఏ లీజియన్‌కీ పెట్టలేదు.

ఇంకా పట్టేసింది క్రీ.శ. 16 నాటి ఘట్టం. రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. జర్మనీలోని వెసర్ నదికి ఒక ఒడ్డున ఆర్మీనియస్, ఇవతల రోమన్ల వైపు అతని సొంత తమ్ముడు ఫ్లావస్. రోమ్ కొలువులో తమ్ముడికి ఒక కన్ను పోయింది. "దానికి నీకేం ఇచ్చారు?" అని అన్న అడుగుతాడు. జీతం పెంచారు, హారం ఇచ్చారు, కిరీటం ఇచ్చారు అని తమ్ముడు లెక్క చెబుతాడు. బానిసత్వానికి ఎంత చవక అని అన్న ఎగతాళి! తిట్టుకునేటప్పుడు కూడా ఆర్మీనియస్ మాటల్లో చాలా లాటినే. ఈసారి ఆన్సర్ ఇక్కడే మొదలుపెట్టాను.

వ్యాపారం (బాల్టిక్ అంబర్ అటు నుంచి, రోమన్ నాణేలు, కంచు పాత్రలు ఇటు నుంచి) రెండు లైన్లలో తేల్చేశాను. మార్కోమానీ అనే జర్మానిక్ తెగతో రోమ్ చేసిన యుద్ధాలకూ అంతే.

376కి మాత్రం పేజీ ఇవ్వండి ఫ్రెండ్స్. గోత్‌లు అనే జర్మానిక్ తెగవాళ్లు దండెత్తలేదు, హూణుల దెబ్బకి తట్టుకోలేక డాన్యూబ్ దాటి రోమన్ల వైపు రానివ్వమని అడిగారు. రోమన్ చక్రవర్తి వాలెన్స్ సరేనన్నాడు. కానీ అక్కడి రోమన్ అధికారులు ఆకలితో ఉన్నవాళ్లకి కుక్క మాంసం అమ్మి, ఒక్కో కుక్కకి ఒక్కో మనిషిని బానిసగా తీసుకున్నారు. నాయకుల పిల్లల్ని కూడా వదల్లేదు. రెండేళ్లకే, 378లో, ఆడ్రియనోపుల్ దగ్గర ఆ గోత్‌ల చేతిలోనే వాలెన్స్ చచ్చాడు. 410లో రోమ్‌ని దోచిన గోత్‌ల నాయకుడు అలారిక్ కూడా అంతకుముందు రోమన్ల తరఫున పోరాడినవాడే. అతన్ని చాలాకాలం నిలువరించిన రోమన్ సేనాని స్టిలికో తండ్రి ఒక వాండల్ (మరో జర్మానిక్ తెగవాడు).

రోమ్‌ని దోచిన 410, 455, పశ్చిమ రోమన్ సామ్రాజ్యం ముగిసిన 476 ఇప్పటికీ నాకు తారుమారవుతాయి. అలారిక్, గైసెరిక్, ఓడోవాకర్ అని పేర్లతో కలిపి రోజూ ఒకసారి పైకి చదివేవాణ్ని. ఈసారి 13 వచ్చాయి.