లాటరీలో వచ్చిన సీటు

వదిన ఫోన్ పెట్టేసి మూడు గంటలైంది. ఆ మాట మాత్రం ఇంకా చెవిలోనే ఉంది. "అదేదో లాటరీ స్కూలంట కదా? ఇద్దరూ సంపాదిస్తున్నారు, డబ్బులు కట్టి మంచిదాంట్లో వెయ్యలేకపోయారా?"

అక్కడికీ ఓపిగ్గా చెప్పాను. చార్టర్ స్కూలంటే ప్రైవేటు కాదు వదినా, సర్కారు డబ్బుతో నడిచే బడే, ఫీజు లేదు అని. దాన్ని నడిపే బోర్డు దానిదే. సరిగ్గా నడపకపోతే రాష్ట్రం అనుమతి తీసేస్తుంది. 1991లో మిన్నెసోటాలో మొదటి చట్టం, మా న్యూజెర్సీలో 1996లో అని పక్కనుంచి ఈయన అందించారు. సీట్ల కంటే అప్లికేషన్లు ఎక్కువొస్తే లాటరీ తియ్యాల్సిందే, మార్కులు చూసి ఏరుకోవడానికి వీల్లేదు అన్నాను. ఆవిడ "ఏమోనమ్మా" అంది. ఆ "ఏమోనమ్మా"కే ఒళ్ళు మండింది.

ఆవిడ ఇవాళ సాయంత్రం చిన్నదాని బడికి వచ్చుంటే తెలిసేది. అందరూ ఇంటి వంట తెచ్చే రోజు. ఈజిప్టు వాళ్ళ కోషారీ, ఫిలిప్పీన్స్ వాళ్ళ పాన్సిత్, మధ్యలో నా పులిహోర, పల్లీలున్నాయని చీటీ పెట్టి మరీ. ఒక అబ్బాయి కరివేపాకు తీసి పక్కన పెట్టబోతే చిన్నది "తినొచ్చు" అంది. వాడు నమిలి చూసి, గిన్నెలోంచి ఇంకో రెబ్బ ఏరుకున్నాడు.

ఆ లాటరీ రోజు ఎలా మర్చిపోతాను? సోఫాలో నేనూ చిన్నదీ, పక్కన కింది ఫ్లోర్ వాళ్ళ అబ్బాయి. మూడో క్లాసు నుంచీ ఇద్దరూ కలిసే నడిచి వెళ్ళేవాళ్ళు. లాప్‌టాప్‌లో నంబర్లు ఒక్కొక్కటే చదువుతున్నారు. దీని నంబరు రాగానే కేక పెట్టి దీన్ని కావలించుకున్నాను. వాడి నంబరు వెయిటింగ్ లిస్టులో ఎక్కడో అరవై దాటాక వచ్చింది. వాడు నా వంక చూసి, "ఆంటీ, నేనేం తప్పు రాశాను?" అన్నాడు. తప్పేం లేదు నాన్నా, ఇది పరీక్ష కాదు అన్నాను. చిన్నప్పుడు గురుకులం ఎంట్రన్సులో సీటు రాక వారం రోజులు ఏడ్చిన దాన్ని నేను. సరిగ్గా చదవలేదు కాబట్టి రాలేదని అప్పుడు నాకో కారణమైనా దొరికింది. వాడికి అదీ లేదు.

వదిన్ని తిడదామనే రాయడం మొదలుపెట్టాను. కానీ నన్ను గుచ్చుతున్నది ఆవిడ అన్న లాటరీ అనే మాటేనేమో. మార్కులు చూడరు, డబ్బు చూడరు, అది న్యాయమే అని ఇప్పటికీ గట్టిగా అంటాను. వచ్చే ఏడాది బడి అనుమతి పొడిగింపుకి తల్లిదండ్రుల్ని ఉత్తరాలు రాయమన్నారు, మనసారా రాస్తాను కూడా. అయినా సీటు రాని పిల్లాడు మా మెట్లమీదే ఎదురవుతాడు. వాడిప్పుడు వెళ్ళే బడి చెడ్డదని కాదు, అక్కడ బ్యాండులో కూడా చేరాడు. కానీ ఇవాళ ఇది కోషారీ కబుర్లు చెబుతుంటే వాడు బూటు లేసు కట్టుకుంటూ తలెత్తలేదు.

పన్నెండున్నరైంది. కింది ఫ్లోర్ వాళ్ళకని తీసి పెట్టిన పులిహోర ఇంకా ఫ్రిజ్‌లోనే ఉంది. ఈ సాయంత్రం ఇవ్వడానికి చెయ్యి రాలేదు.