ఒకే పుస్తకంలో రెండు ఫ్లక్సులు

కొన్నేళ్ళ క్రితం మాట. అప్పటికింకా పాత సిలబస్సే. ఇంగ్లీషు మీడియం పదో తరగతిలో మాగ్నెటిక్ ఫ్లక్స్ చెబుతున్నాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, మొన్న లోహాల పాఠంలో ఫ్లక్స్ అంటే సున్నపురాయి అన్నారు. ఇవాళ మాగ్నెట్ గీతలంటున్నారు. మా అన్న సెల్ షాపులో అయితే ఫ్లక్స్ అంటే డబ్బాలో పేస్టు. పరీక్షలో ఏది రాయమంటారు?"

నేను చదివింది తెలుగు మీడియం. మాకీ తలనొప్పి లేదు. లోహాల పాఠంలో దాని పేరు ద్రవకారి, అయస్కాంతాల పాఠంలో అభివాహం. రెండూ ఇంగ్లీషులో ఒకటే మాటని కాలేజీకి వెళ్ళేదాకా నాకు తెలియనే తెలియదు. తెలుగు పుస్తకం గందరగోళం తప్పించింది, నిజమే. కానీ అవి రెండూ చుట్టాలని కూడా చెప్పలేదు.

పిల్లవాడికి ముందు సున్నపురాయి సంగతి చెప్పాను. మా జగ్గయ్యపేట వాళ్ళకి అది కొత్త కాదు. విశాఖ ఉక్కు కర్మాగారానికి ఇక్కడ సొంత సున్నపురాయి గనే ఉంది. ఇనుప ఖనిజంలోని ఇసుక మొండిది, ఒక పట్టాన కరగదు. కొలిమి వేడికి సున్నపురాయి సున్నమై ఆ ఇసుకతో కలుస్తుంది. రెండూ కలిసి లోహమలంగా కరిగి పైకి తేలతాయి. కరగనిదాన్ని కరిగించి పారేలా చేస్తుంది కాబట్టి అది ఫ్లక్స్. లాటిన్‌లో ఆ మాటకి మూలం పారడమే.

అది చెబుతుంటే మా నాన్న కుంపటి గుర్తొచ్చింది. నాన్నది కంసాలి పని. ఆయనకి ఫ్లక్స్ అన్న మాట తెలియదు, వెలిగారం తెలుసు. ఇంగ్లీషులో దాన్నే బోరాక్స్ అంటారు. చిన్న రాతి మీద నాలుగు నీటి చుక్కలు వేసి వెలిగారం ముక్కని అరగదీస్తే పాలలాంటి నీళ్ళు వచ్చేవి. అతకాల్సిన చోట అది రాసి, మాటు ముక్క, అంటే కరిగి అతికే లోహపు ముక్క, పెట్టి, ఊదుగొట్టంతో మంట ఊదేవాడు. వెలిగారం ముందు పేలాల్లా తెల్లగా పొంగేది, తరవాత అణిగి గాజులా కరిగేది. ఉన్నట్టుండి మాటు మెరిసి అతుకులోకి జారిపోయేది. "పారింది" అనేవాడు నాన్న. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. ఒకసారి నాకు ఒక చెవి కమ్మ అప్పజెబితే వెలిగారం సరిగా రాయలేదు. మాటు గుండులా ముడుచుకుని కూర్చుంది, ఎంత ఊదినా కదల్లేదు. నేనింకా ఊదాను. కమ్మ కొక్కెం కరిగింది. నాన్న తిట్టలేదు గానీ ఆ రోజు అన్నం తినేటప్పుడు నా వైపు చూడలేదు.

వేడికి లోహం మీద పట్టే మాలిన్యపు పొరని వెలిగారం తనలో కరిగించుకుంటుందని చాలా ఏళ్ళకి కెమిస్ట్రీలో చదివాను. సెల్ షాపు పేస్టు చేసేదీ అలాంటి పనే. ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు చల్లే నవాసాగరం అనే ఉప్పు కూడా అంతే. తగరం గిన్నెకి పట్టాలంటే ముందు ఆ ఘాటు పొగ రావాల్సిందే.

ఇక అయస్కాంతం. ఇక్కడ నా పేచీ ఒకటుంది. పేరు ఫ్లక్స్, కానీ పారేదేమీ లేదు. ఒక తలంలోంచి ఎన్ని బలరేఖలు పోతున్నాయన్న లెక్క అది. వెబర్లలో కొలుస్తాం. అయినా అభివాహం అని పెట్టినవాళ్ళని మెచ్చుకోవాలి. ప్రవాహంలో ఉన్న "వాహం" అందులోనూ ఉంది. నీళ్ళ జాడ పోలేదు. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద ల్యూమెన్లని రాస్తారు చూడండి, అదీ ఫ్లక్స్ కొలతే. బల్బు మొత్తం ఎంత వెలుగు ఇస్తుందో చెబుతుంది.

క్లాసులో చెప్పనిది ఒకటుంది. పాతకాలం ఇంగ్లీషులో రక్త విరేచనాలని కూడా ఫ్లక్స్ అనేవారు. ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ 1307లో పోయింది ఆ జబ్బుతోనే. చెబితే ఇక ఆ ఏడాదంతా మాగ్నెట్ పాఠం నడిచేది కాదు.

మర్నాడు నాన్న డబ్బాలోంచి వెలిగారం ముక్క తీసుకెళ్ళి, స్టీలు గరిటెలో వేసి స్పిరిట్ దీపం మీద పెట్టాను. పొంగింది గానీ ఆ మంటకి గాజులా కరగలేదు. ఊదుగొట్టం తేవడం మర్చిపోయాను. "సార్, పాప్‌కార్న్!" అని అరిచారు. ప్రశ్న అడిగిన కుర్రాడు మాత్రం దగ్గరికొచ్చి, "దీన్ని మా అన్న షాపులో వాడొచ్చా సార్?" అన్నాడు. సెల్ బోర్డుకి వద్దురా, అది కరిగేలోపు బోర్డే కాలిపోతుందన్నాను. నమ్మినట్టు లేడు. ఒక ముక్క జేబులో వేసుకునే వెళ్ళాడు.