మిరప ఆకు అడుగున తెల్లపొడి: మిద్దెతోట, మైక్రోస్కోపు, లెవెయిల్లులా

హైదరాబాద్‌లో చలి మొదలైతే మిద్దెతోటల్లో బూడిద తెగులు రావడం మామూలే. బీర, సొర, దోస తీగలకు వస్తే వెంటనే కనిపిస్తుంది, ఆకు పైనే తెల్లగా ఉంటుంది కాబట్టి. మిరపకు వచ్చేదాని సంగతి వేరు. పైనుంచి చూస్తే లేతపసుపు మచ్చలే కనిపిస్తాయి, చాలామంది దాన్ని ఎరువు లోపం అనుకుని యూరియా వేస్తారు. ఆకు తిప్పి చూస్తే అడుగున పలచగా తెల్లపొడి ఉంటుంది. పేరు రెండిటికీ బూడిద తెగులే గానీ బీర మీదది పోడోస్ఫేరా అనే శిలీంధ్రం, మిరప మీదది లెవెయిల్లులా టారికా అనే వేరే శిలీంధ్రం. ఈ చలికాలం పెట్టుకున్న పని ఈ రెండిటి తేడా కంటితో చూడటం, ఆ తర్వాత మందు సంగతి తేల్చుకోవడం.

నవంబర్ చివర: మిరప కింది ఆకుల్లో మచ్చలు మొదలయ్యాయి. ఈ తెగులు ముదురు ఆకుల నుంచే పైకి పాకుతుంది. తెగులు సోకాక పైకి కనపడటానికి మూడు వారాల దాకా పట్టొచ్చు, అంటే మనం మచ్చ చూసే సరికి అది లోపల ఎప్పుడో స్థిరపడి ఉంటుంది. మచ్చలున్న ఆకులు కోసి కవర్లో కట్టి చెత్తలో వేశాను, కంపోస్టులో వేయలేదు.

డిసెంబర్: మైక్రోస్కోపు పని. బ్లేడుతో ముక్కలు కోసే అవసరం లేదు, పారదర్శకంగా ఉండే మామూలు సెల్లోటేప్ చాలు. టేపును ఆకు అడుగున మెల్లగా అద్ది తీసి, స్లైడు మీద ఒక చుక్క నీళ్లు వేసి దాని మీద అంటించడమే. ముందు 10ఎక్స్ లెన్సులో వెతకాలి, దొరికాక 40ఎక్స్ లెన్సు. బీర ఆకు నుంచి తీసిన టేపు మీద దారాల్లాంటి తంతువులు, గొలుసులుగా అతుక్కున్న కోడిగుడ్డు ఆకారం శిలీంధ్ర బీజాలు (స్పోర్లు) కుప్పలుగా వచ్చాయి. మిరప టేపు మీద తంతువులు దాదాపు లేవు, విడివిడి బీజాలు, విరిగిన కాడలు మాత్రమే. కారణం ఏంటంటే బీర మీది శిలీంధ్రం ఆకు పైపొర మీదే పరుచుకుని బతుకుతుంది, లెవెయిల్లులా మాత్రం ఆకు లోపల కణాల మధ్య పెరిగి, బీజాలు మోసే కాడల్ని పత్రరంధ్రాల గుండా బయటికి పంపుతుంది. లోపల ఉన్నది టేపుకు ఎలా అంటుతుంది?

బీజాలు కూడా రెండు రకాలు. కాడ చివర మొదట వచ్చేది మొనదేలి ఉంటుంది, తర్వాత వచ్చేవి గొట్టంలా ఉంటాయి. పొడవు 50 నుంచి 80 మైక్రాన్లు, కాబట్టి చవక మైక్రోస్కోపులో కూడా బాగా కనిపిస్తాయి, మొబైల్ ఐపీసుకు ఆనించి ఫోటో తీయొచ్చు. ఈ జాతిని 1851లో వర్ణించింది ఫ్రెంచి శిలీంధ్ర శాస్త్రవేత్త లెవెయే, 1921లో ఆర్నో అనే మరో శాస్త్రవేత్త ఆయన పేరుతోనే లెవెయిల్లులా ప్రజాతిని ఏర్పరిచాడు.

లోపలి తంతువుల్ని చూడటం మాత్రం ఓపిక పరీక్ష. పసుపు మచ్చ అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి, ఆకుపచ్చ రంగు పోయేదాకా సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి, కాటన్ బ్లూ అనే నీలి రంగు వేయాలి. మచ్చ మధ్య నుంచి తీస్తే అంతా చనిపోయిన కణాలే, ఏమీ తెలియదు.

జనవరి: మందుల సంగతి. బ్రెజిల్‌లో బెట్టియోల్ అనే శాస్త్రవేత్త 1999లో గ్రీన్‌హౌస్ జుకినీ (గుమ్మడి జాతి కూరగాయ) మీద పాలు నీళ్లలో కలిపి కొట్టి బూడిద తెగులును అదుపు చేసినట్టు ప్రచురించాడు. మనవాళ్లకు పులిసిన మజ్జిగ ఎలాగూ ఉంది. పాలు ఒక వంతు, నీళ్లు తొమ్మిది వంతులు కలిపి పొద్దున్నే కొడితే బీర మీద పొడి తగ్గింది. మిరప మీద మచ్చలు అలాగే పెరిగాయి, ఆ పాలతో టీ పెట్టుకున్నా బాగుండేది అనిపించింది. మిరపకు నీటిలో కరిగే గంధకమే వాడాను, లీటరుకు 3 గ్రాములు, సాయంత్రం పూట, స్ప్రేయర్ నాజిల్ పైకి తిప్పి ఆకు అడుగు భాగం తడిసేలా. ఇది లోపల ఉన్నదాన్ని చంపదు, బయటికొచ్చిన బీజాలు పక్క ఆకుల్లో దూరకుండా ఆపుతుంది, అందుకే పాత మచ్చలు మానలేదని కంగారు పడక్కర్లేదు, కొత్త ఆకులు శుభ్రంగా ఉంటే చాలు. లోపలికి ఇంకే మందులు ఉన్నాయి గానీ రోజూ పచ్చిమిర్చి కోసుకునే కుండీల్లో అవి కొట్టాలని నాకు లేదు. వేపనూనె కొట్టినవాళ్లు గంధకానికి కనీసం రెండు వారాలు ఆగాలి, లేకపోతే ఆకులు మాడతాయి.

బీర తీగ మీద పసుపురంగు అక్షింతల పురుగులు కనిపించాయి, మెడ దగ్గర తెల్లగా, రెండు నల్లచుక్కలతో. ఇల్లీస్ సింక్టా అనుకుంటున్నాను, ఈ బూడిదనే తిని బతుకుతుంది, మొక్కను ముట్టదు. అవి ఉన్న తీగకు ఇక పాలు కూడా కొట్టడం లేదు.

ఇప్పుడు మిరప కుండీల్ని గాలి ఆడేలా దూరం జరిపాను. ఈ తెగులుకు ఆకు తడి అక్కర్లేదు, పొడి వాతావరణంలోనూ వస్తుంది కాబట్టి నీళ్లు తగ్గించి లాభం లేదు. ఆకులు రాలిన మొక్కల్లో కాయలకు ఎండ దెబ్బ తగిలి తెల్లబడుతున్నాయి, వాటికి మధ్యాహ్నం పూట గ్రీన్ నెట్ కట్టాను. ఫిబ్రవరి చివర ఎండ 32 డిగ్రీలు దాటగానే గంధకం ఆపేస్తాను.