హిస్టరీ ఆప్షనల్: విక్టోరియన్ చారిటీని ఎలా చదివాను, ఆన్సర్‌లో ఎలా వాడాను

సివిల్స్ మెయిన్స్‌లో హిస్టరీని ఆప్షనల్‌గా (మనం ఎంచుకునే సబ్జెక్టుగా) తీసుకున్నవాళ్ల కోసం, విక్టోరియా రాణి కాలపు బ్రిటన్‌లో చందాలతో నడిచిన సేవ గురించి రాస్తున్నా. పారిశ్రామిక విప్లవంలో పిల్లల పరిస్థితి అనగానే అందరం 1833 ఫ్యాక్టరీ చట్టం, 1842 గనుల చట్టం, ఆ చట్టాల కోసం పోరాడిన ఎంపీ షాఫ్ట్స్‌బరీ పేరు రాసేసి "మానవతావాదుల కృషి వల్ల" అని ఒక లైన్ పడేస్తాం. ఆ కృషికి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో రాసేవాళ్లు తక్కువ. నేను పట్టుకున్నది అదే.

లివర్‌పూల్ నుంచి మొదలుపెట్టండి. థామస్ ఆగ్న్యూ అనే వ్యాపారి 1881లో న్యూయార్క్ వెళ్లి, అక్కడ 1875 నుంచి పనిచేస్తున్న బాలల రక్షణ సంఘాన్ని చూసొచ్చాడు. తర్వాత లివర్‌పూల్‌లో కుక్కల ఆశ్రయానికి చందాలు అడిగే సభ ఒకటి జరుగుతుంటే, అదే వేదిక మీద పిల్లల కోసం కూడా విజ్ఞప్తి వచ్చింది, 1883లో సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది లండన్‌లో సాక్షాత్తూ లార్డ్ మేయర్ నివాసం మాన్షన్ హౌస్‌లో సభ పెట్టి ఇంకో సంఘం ప్రారంభించారు. బెంజమిన్ వా అనే మతబోధకుడు దాన్ని నడిపించాడు, 1889కి అది పిల్లలపై క్రూరత్వాన్ని అడ్డుకునే జాతీయ సంఘమైంది (ఎన్‌ఎస్‌పీసీసీ), విక్టోరియా రాణి దానికి పేట్రన్, అంటే గౌరవ పోషకురాలు. అదే ఏడాది "చిల్డ్రన్స్ చార్టర్" అని పిలిచే చట్టం వచ్చింది. ఇంట్లో పిల్లల్ని హింసిస్తుంటే పోలీసులు వారెంటుతో లోపలికి వెళ్లే వీలు దీనితోనే దొరికింది. చందా, సంఘం, చట్టం: ఈ వరస గుర్తుంటే సంవత్సరాలు వాటంతటవే గుర్తుంటాయి, విడిగా బట్టీ పట్టక్కర్లేదు.

ఇక చందాలు పోగుచేసే పద్ధతి. బజార్లు, విందులు, కచేరీలు. బజార్లో స్టాల్ దగ్గర నిలబడి అమ్మేది గొప్పింటి ఆడవాళ్లే, అమ్మేవి వాళ్లు కుట్టిన దిండు గలీబులూ పర్సులూ, ధర బయటి కంటే ఎక్కువ. మొదటి రోజు టికెట్ రేటు పెంచేవాళ్లు, ఎందుకంటే ఆ రోజు గొప్పింటివాళ్ల మధ్య తిరగొచ్చు కదా. ఎవరెంత ఇచ్చారో వార్షిక నివేదికలో పేర్లతో సహా అచ్చయ్యేది. మన గుడిలో ఫ్యాను రెక్క మీద దాత పేరున్నట్టే అనుకోండి. 1891లో బాగా బతికే ఇళ్ల పిల్లలతోనే చందాలు వసూలు చేయించడానికి "లీగ్ ఆఫ్ పిటీ" కూడా పెట్టారు.

నన్ను ఎక్కువసేపు ఆపింది మాత్రం లండన్‌లో పిల్లల ఆశ్రమాలు నడిపిన థామస్ బర్నార్డో. అనాథ పిల్లల్ని చేరదీసిన మనిషే, కాదనడం లేదు. కానీ 1890లలో రాయల్ ఆల్బర్ట్ హాల్లో దాతల ముందు ఆ పిల్లలతోనే చెప్పులు కుట్టడం, వడ్రంగం లాంటివి చేయించి చూపించేవాడు. అంతకుముందు, చినిగిన బట్టలతో ఒకటి, శుభ్రంగా తయారయ్యాక ఇంకొకటి అని పిల్లల ఫొటోలు కార్డులుగా అమ్మేవాడు, వాటిలో కొన్ని కావాలని అమర్చి తీసినవని 1877లో మధ్యవర్తిత్వ విచారణలో తప్పుపట్టారు కూడా. "క్రిటికల్లీ ఎగ్జామిన్" అని అడిగితే ఇంతకంటే మంచి పాయింట్ నాకు దొరకలేదు: పిల్లల్ని కాపాడే డబ్బు, పిల్లల్ని ప్రదర్శనకు పెట్టడం వల్లే వచ్చింది.

ఒక ట్రాప్ ఉంది. 1822లోనే పశువుల రక్షణకు చట్టం, 1824లో జంతువుల కోసం సంఘం వచ్చాయి కాబట్టి బ్రిటిష్‌వాళ్లకి పిల్లల కంటే జంతువులే ముఖ్యం అని నోట్స్‌లో కనిపిస్తుంది. ఆ వాక్యం కాపీ కొట్టకండి. ఫ్యాక్టరీలో పిల్లలకి 1833 నుంచే ఎంతోకొంత రక్షణ ఉంది, చట్టం జంకింది ఇంటి గడప దగ్గర, తండ్రి అధికారం దగ్గర.

భారత్ లింక్ కావాలంటే 1891 ఏజ్ ఆఫ్ కన్సెంట్ చట్టం (లైంగిక సంబంధానికి అమ్మాయి సమ్మతి చెల్లే కనీస వయసు గురించినది) సరిపోతుంది. ఇంగ్లండ్‌లో 1885లో ఆ వయసు 13 నుంచి 16కి వెళ్లింది, ఇక్కడ 10 నుంచి 12కి పెంచితేనే తిలక్ లాంటివాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. పోక్సోని (పిల్లలపై లైంగిక నేరాలకు ఇప్పుడున్న మన చట్టం) మాత్రం ఈ ఆన్సర్‌లో దూర్చకండి, జీఎస్ 2కి (జనరల్ స్టడీస్ రెండో పేపర్‌కి) దాచుకోండి.