చాటలో విత్తనాలకి బరువు ఎట్లా వచ్చిందంటే

ఫైనల్ ఇయర్‌లో చేత్తో గీసే యానిమేషన్ షార్ట్ ఫిల్మ్ కోసం నేను రాసుకున్న కథ శానా చిన్నది. అనంతపురం పక్కన ఒక పల్లెలో ఒక అవ్వ అరుగు మీద కూచోని, వేయించిన శెనక్కాయ విత్తనాల్ని చేత్తో నలిపి చాటలో చెరుగుతా ఉంటుంది, ఎర్ర పొట్టు గాలికి లేస్తా ఉంటుంది, ఉన్నట్టుండి పొట్టు పోయే దారి మారుతుంది, అంటే గాలి దిక్కు మారిందని అవ్వకి తెలిసిపోతుంది, చాట పక్కన పెట్టి మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తడానికి లేస్తుంది, వాన మొదలవుతుంది. అంతే. రెండు నిమిషాలు, డైలాగ్ లేదు.

ఇందులో యాక్షన్ ఏముంది అని క్లాసులో అందరూ అడిగినారు. చెరగడమే యాక్షన్. ఆ ఒక్క పని నమ్మేలా కనబడకపోతే పొట్టు దారి మారడం ఎవరికీ కనబడదు, కనబడకపోతే కథే లేదు. అందుకే టైమంతా టెస్టుల మీద, అంటే పెన్సిల్‌తో గీసి కదలిక సరిగ్గా ఉందో లేదో ప్లే చేసి చూసుకోడం మీద, పెట్టినా, రంగుల జోలికి పోలేదు.

రెండు నిమిషాలంటే సెకనుకి 24 చొప్పున 2880 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు ఉంచితే 1440 బొమ్మలు. అవ్వ ఊరికే అట్లా చూస్తా ఉండే షాట్లు తీసేస్తే కొంచెం తగ్గుతాయి కానీ ఒక్క మనిషి గీసే పనికి ఇది చిన్న లెక్క కాదు, కాబట్టి ముందు యానిమాటిక్ (షాట్ల బొమ్మల్ని సౌండ్‌తో, టైము ప్రకారం పేర్చిన కచ్చా వీడియో) గట్టిగా ఉండాలని పట్టు పట్టినా. ఏ4 కాగితాలు ముక్కలు చేసి స్టోరీబోర్డు, అంటే షాట్‌కొక చిన్న బొమ్మ, గీసి గోడకి అంటించుకోని, షాట్లు అటూ ఇటూ మార్చుకోని, ఫోటోలు తీసి టైమ్‌లైన్ మీద పెట్టినా. బొమ్మల కంటే ముందు సౌండ్ పెట్టడం బాగా కలిసొచ్చింది, ఇంట్లో అవ్వ చెరిగే చప్పుడు రికార్డ్ చేసి కింద వేసేసరికి ఏ షాట్ ఎంతసేపు ఉండాలో చప్పుడే చెప్పేసింది.

తర్వాత అవ్వ చెరిగేది ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసినా. సెకనుకి 240 ఫ్రేములు తీస్తే, అందులో ప్రతి పదో ఫ్రేము తీసుకుంటే మనకి కావాల్సిన 24 వచ్చేస్తాయి. దాని మీద కాగితం పెట్టి ఉన్నదున్నట్టు గీసుకోవచ్చు కదా అంటారు, దాన్ని రోటోస్కోప్ అంటారు, మాక్స్ ఫ్లైషర్ అనే అమెరికా యానిమేటర్ 1915లోనే దాని పేటెంట్‌కి అప్లై చేసినాడు, పద్ధతిగా తప్పేం లేదు. కానీ నాకు వీడియో టైమింగ్ కోసమే కావాల, గీత నాదే ఉండాల. అవ్వ మాత్రం "ఏమిటికి పాపా ఇన్నితూర్లు చెరగమంటావు, పొట్టంతా పోయి శానా సేపాయ, ఇంగ విత్తనాలు పగిలిపోతాయి" అంటానే మళ్లీ చాట ఎత్తుకునేది.

వీడియోలో ఎప్పుడూ గమనించనిది ఒకటి కనబడింది. విత్తనాలు కిందికి పడేటప్పుడు చాట వాటి కోసం అక్కడే నిలబడి ఉండదు. అవ్వ మణికట్లు అవి తగిలే ముందే కొంచెం కిందికి దిగుతాయి, విత్తనాలతో పాటు చాట కూడా దిగుతుంది, అందుకే ఒక్క గింజ కూడా ఎగిరి బయట పడదు, చప్పుడు కూడా మెత్తగా వస్తుంది. ఎగరేసే ముందు కూడా అంతే, ముందు చిన్నగా కిందికి వంచుతుంది, అప్పుడే పైకి విసురుతుంది. మాకు క్లాసులో యాంటిసిపేషన్ అని చెప్పేది ఇదే, కానీ అవ్వ చేతుల్లో చూసినాక ఆ పాఠం నాకు ఒంటికి పట్టింది.

ఇంగ అసలు తిప్పలు విత్తనాలతో. ఒక అడుగు ఎత్తుకి ఎగరేస్తే పైకి పోవడానికి దాదాపు పావు సెకను, కిందికి రావడానికి పావు సెకను పడుతుంది, అంటే 6 ఫ్రేములు, 6 ఫ్రేములు. ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు కాబట్టి పైకి మూడు బొమ్మలు, కిందికి మూడు బొమ్మలు, అంతే ఉంది చోటు. ఆ మూడింటి మధ్య దూరాల్లోనే బరువంతా ఉంది. పడే వస్తువు సమానమైన టైములో పోయే దూరాలు 1, 3, 5 లెక్కన పెరుగుతాయి, ఇది టెన్త్ ఫిజిక్స్‌కి దగ్గర్లోదే. నేను లేఅవుట్‌లో, అంటే షాట్ కొలతలు వేసుకున్న కాగితం మీద, ఆ ఎత్తు 9 సెంటీమీటర్లు ఉండేలా పెట్టుకున్నా, అప్పుడు స్కేలుతో 1, 3, 5 సెంటీమీటర్లు కొలుచుకోని గుర్తులు పెట్టొచ్చు, పైకి పోయేటప్పుడు 5, 3, 1. కావాలనే ఒక టెస్టులో 3, 3, 3 సమానంగా పెట్టి పక్కపక్కన ప్లే చేసి చూసినా. అవే బొమ్మలు, అదే పెన్సిల్, కానీ సమానంగా పెట్టిన దాంట్లో విత్తనాలు దారానికి కట్టి లాగినట్టు కదిలినాయి, 1, 3, 5లో మాత్రం చాటలో ధబ్బుమని దిగినాయి. ఎడమ పక్కదీ కుడి పక్కదీ అట్లా ఆడతా ఉంటే ఎంతసేపు చూసినానో.

గింజ గింజా గీయలేదు. మొత్తం గుంపుని ఒకే ఆకారంగా గీసి, అంచుల దగ్గర మాత్రం కొన్నింటిని విడిగా వేసినా, వాటిల్లో రెండు మూడు కొంచెం ఎక్కువ ఎత్తుకి పోతాయి, అవి ఆలస్యంగా దిగుతాయి. కన్ను వాటి వెంటే పోతుంది, మిగతా గుంపుని అదే నమ్మేస్తుంది.

పొట్టుకి పూర్తిగా వేరే పద్ధతి. విత్తనాలకి ముందు ముఖ్యమైన పోజులు గీసుకోని మధ్యలోవి నింపితే సరిపోయింది, పొట్టుకి అట్లా చేస్తే ముందే అనుకున్న దారిలో పోతా ఉన్నట్టు ఉంటుంది. అందుకే మొదటి బొమ్మ నుంచి వరసగా, తర్వాతది ఎట్లా పోతాదో అప్పటికప్పుడు అనుకుంటా గీసినా. పొట్టు పైకి లేచి, కాసేపు ఆగినట్టు ఉండి, పక్కకి తిరగబడి, జారతా పోతుంది. గాలి దిక్కు మారే షాట్‌లో ముందు అంచున ఉన్న రెండు పొరలే తిరుగుతాయి, మిగతావి కొన్ని ఫ్రేముల తర్వాత. అవ్వ కళ్లు ఆ రెండింటినే చూస్తాయి. సినిమా మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

సామాను గురించి కూడా అడుగుతా ఉంటారు కాబట్టి చెప్తా. కింది బొమ్మ పై కాగితంలోంచి కనబడేలా చేసే లైట్ బాక్స్ అంటే పాత కిటికీ అద్దం కింద ఎల్‌ఈడీ ట్యూబ్. కాగితాలు కదలకుండా ఉండడానికి ఆఫీసు పంచింగ్ మిషను రంధ్రాలు చాలు, రెండింటి మధ్య 8 సెంటీమీటర్లు ఉంటుంది, ఆ కొలతకి చెక్క మీద రెండు పుల్లలు బిగించుకుంటే అయిపోయింది. కాగితం, పెన్సిళ్లు సప్తగిరి సర్కిల్ వైపు షాపుల్లో దొరుకుతాయి. టెస్టులకి పైన ఫోన్ పెట్టి ఒక్కో బొమ్మ ఫోటో తీయడమే. కంప్యూటర్లో అయితే ఓపెన్‌టూంజ్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్, 2016 నుంచి ఫ్రీగానే దొరుకుతా ఉంది, పెన్సిల్ టెస్ట్‌కి బాగుంటుంది. ఖర్చు భయంతో ఆగిపోయే జూనియర్లు ఎవరన్నా ఉంటే దయచేసి ఆగొద్దు, పెన్సిల్ టెస్ట్ చూడడానికి ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఇప్పుడు రంగుల టెస్టులు నడుస్తా ఉన్నాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలు చూసినాక అనుకున్నదంతా మారిపోయింది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, చాలామందికి పేరు తెలిసే ఉంటుంది. మేకతోలుని పల్చగా చేసి రంగులు వేస్తారు, వెనక నుంచి దీపం వెలుతురు పడితే ఆ రంగు లోపలి నుంచి వస్తా ఉన్నట్టు ఉంటుంది. పొట్టు కూడా అంతే కదా, ఎండకి ఎదురుగా పట్టి చూడండి, ఎరుపు ముదురుగా ఉండదు, వెలుతురు దాంట్లోంచి దాటుకోని వస్తుంది. కాబట్టి అవ్వకి, అరుగుకి, చాటకి నిండు రంగులు, పొట్టుకి మాత్రం వెనకున్నది కనబడే పల్చటి ఎరుపు, అది ఒకదాని మీద ఒకటి పడిన చోట మాత్రమే చిక్కబడేలా పెడతా ఉన్నా. ఆగిన ఫ్రేముల్లో బాగుంది, కదిలేటప్పుడు మిణుకుమిణుకుమంటా ఉంది, దాన్ని సరి చేయాల.

వాన షాట్ టెస్ట్ ఇంకా మొదలు కాలేదు. పెద్ద చినుకు ఎండిన మట్టి మీద పడితే ముందు దుమ్ము లేస్తుంది, తర్వాతే తడి కనబడుతుంది, ఆ దుమ్ము ఎంత ఎత్తు లేస్తుందో, ఎన్ని ఫ్రేముల్లో దిగుతుందో నిజం వానలోనే చూడాలని ఉంది. మా జిల్లాకి ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్లు, అందులో ఎండిన నేల మీద పడే మొదటి చినుకులు ఇంకా తక్కువ. మబ్బు పడితే చాలు, ఫోన్ చార్జింగ్ పెట్టి అరుగు మీదికి పోతా ఉన్నా.