చెరువు గట్టు దాటలేదు

కొండ మీదికెళ్లి మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చేద్దామని నలుగురం చీకటితోనే బయల్దేరాం. నేను మాత్రం చెరువు గట్టు దాటలేదు.

గట్టు కింద తుంగలో ఒక పుల్ల చివర తూనీగ కనిపించింది. ఒళ్లంతా మంచు బొట్లే. మామూలుగా మన నీడ పడితే చాలు, లేచిపోతుంది. ఇది కదల్లేదు. తూనీగ ఒంటి వేడి బయటి వేడిని బట్టే ఉంటుంది. చల్లటి పొద్దున కాస్త ఎండ తగిలేదాకా అది ఎగరలేదు. పురుగుల ఫొటోలు తీసేవాళ్లకి ఇంతకంటే మంచి సమయం దొరకదు.

"పదండి, ఎండెక్కిపోతుంది" అని తోటివాళ్లు ఒకటే తొందర. ఈ తొందర నాకు అస్సలు నచ్చదు. ఇంత అందం కళ్ల ముందుంటే కిలోమీటర్లు లెక్కపెట్టుకోవడం ఎందుకు? మీరు వెళ్లండి అన్నాను.

తడి గడ్డిలో బోర్లా పడుకున్నాను. మొదటి పది ఫొటోలూ పాడయ్యాయి. కన్ను ఫోకస్‌లో ఉంటే రెక్కలు మసక, రెక్కలు బాగుంటే కన్ను మసక. చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్‌తో అంత దగ్గరికి వెళ్లాక, లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8 దాకా చిన్నది చేసినా స్పష్టంగా వచ్చేది మిల్లీమీటరు మందమే. కాస్త పక్కకి జరిగి, లెన్స్ సరిగ్గా రెక్కలకి ఎదురుగా ఉండేలా చూసుకుని, మోచేతులు నేలకి ఆనించాను. గాలికి పుల్ల ఊగుతోంది. అది ఆగాలి, నా ఊపిరీ ఆగాలి, అప్పుడు నొక్కాలి. రీలుకి 36 ఫొటోలే వచ్చే రోజుల్లో నేర్చుకున్న ఓపిక మళ్లీ పనికొచ్చింది.

తీసింది స్క్రీన్ మీద పెద్దది చేసి చూశాను. రెక్క మీది ప్రతి మంచు బొట్టులోనూ వెనకున్న కొండ తలకిందులుగా కనిపిస్తోంది. నీటిబొట్టు చిన్న లెన్స్‌లా పనిచేస్తుందని ఎప్పుడో చదివిందే. అయినా గుండె ఝల్లుమంది. ఎన్ని కొండలో లెక్కపెట్టాలని చూసి మధ్యలో వదిలేశాను.

ఎండ వచ్చింది. బొట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి. తూనీగ ముందుకాళ్లతో కళ్లు తుడుచుకుంది, రెక్కలు సన్నగా వణికించి ఎగిరిపోయింది. నేను లేవలేదు. పుల్ల మీద వాలే రకం తూనీగలు చాలాసార్లు అదే పుల్లకి తిరిగొస్తాయి. కదిలేది మసకబారకుండా షట్టర్ స్పీడ్ సెకనులో 1/2000 వంతుకి పెంచి అక్కడే ఫోకస్ ఉంచాను. మూడుసార్లు వచ్చింది. మూడోసారి దాని నోట్లో ఏదో చిన్న దోమలాంటిది ఉంది!

దిగి వచ్చినవాళ్లు శిఖరం మీద తీసుకున్న ఫొటోలు చూపించారు. బాగున్నాయి. నేను మంచు బొట్టు ఫొటో స్క్రీన్ మీద పెట్టి కెమెరా చేతికిచ్చాను. ఒకాయన కెమెరాని తలకిందులుగా తిప్పి చాలాసేపు చూశాడు.

"ఇది ఇప్పుడు మనం ఎక్కిన కొండే కదూ?" అన్నాడు.